ప్యాషన్ వెతుక్కోవడానికి పుస్తకమా, పరీక్షా, నాలుగు ఆదివారాల పనా?

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగినప్పుడు వ్యక్తిత్వ వికాసం పుస్తకాల స్టాలు దగ్గర కాసేపు నిలబడండి. ఒకే ప్రశ్న రకరకాలుగా వినిపిస్తుంది: "నాకేది సరిపోతుందో తెలిసే పుస్తకం ఏదండీ?" అమ్మేవాళ్లు ఎక్కువ అమ్ముడుపోయేది తీసి చేతిలో పెడతారు. వాళ్ల పని అది.

మీ ఇష్టాన్ని కనిపెట్టి చెప్పే పుస్తకం లేదు. మీరు ఇప్పటికే చేసిన, చూసిన పనుల్లోంచి ఇష్టాన్ని ఏరుకోవడానికి సాయపడే పుస్తకాలు మాత్రం కొన్ని ఉన్నాయి. అయితే ఏరాలంటే ముందు చేటలో బియ్యం ఉండాలి. ఖాళీ చేట పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఎంత మంచి పుస్తకమైనా దండగే.

మాట దగ్గర కూడా చిన్న చిక్కుంది. ప్యాషన్‌కు తెలుగులో ఒక్క మాట లేదు, మెట్ల వరస ఉంది: సరదా, ఆసక్తి, అభిరుచి, తపన, పిచ్చి, వ్యసనం. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వాలెరాండ్, సహచరులు 2003లో ఈ వరసలోని పై మెట్లనే రెండుగా విడదీశారు. ఒకటి మనిషి అదుపులో ఉండే తపన. రెండోది మనిషినే అదుపులో పెట్టుకునేది. 'సినిమా పిచ్చి పట్టింది' అని ఇంట్లో పెద్దవాళ్లు బెంగపడేది ఈ రెండోదానికే. పుస్తకం అట్ట మీద ప్యాషన్ అని కనిపిస్తే, అది ఏ మెట్టు గురించి మాట్లాడుతోందో చూసుకోండి. చాలా పుస్తకాలు అభిరుచితో మొదలుపెట్టి, చెప్పకుండానే పిచ్చి దగ్గరికి తీసుకెళ్తాయి.

## ముందు మీ చేట సంగతి

పుస్తకం ఎంచేముందు మీరు ఈ నాలుగింటిలో ఎక్కడున్నారో తేల్చుకోవాలి.

చూసింది తక్కువ. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లో చదివి, ఎంపీసీ, బైపీసీ తప్ప ఏమీ ఎరగనివాళ్లు. లేత్ మిషన్ తిరగడం, కోర్టులో వాదన, మిర్చి యార్డులో వేలంపాట, ఏదీ దగ్గర్నుంచి చూసి ఉండరు.

చూసింది ఎక్కువ, తేలడం లేదు. రెండు మూడు ఉద్యోగాలు మారారు, నాలుగు కోర్సులు సగంలో ఆపారు. చేట నిండా ఉంది, ఏరే ఓపికే లేదు.

తెలుసు, కదల్లేరు. ఏం కావాలో లోపల తెలుసు. ఇంటి ఈఎంఐ, చెల్లి పెళ్లి, నాన్నగారి మాట అడ్డు.

ఏదీ రుచించడం లేదు. ఒకప్పుడు ఇష్టమైనవి కూడా. రెండు వారాలకు మించి రోజంతా ఇలాగే ఉండి, నిద్ర, ఆకలి కూడా మారితే అది ప్యాషన్ లేకపోవడం కాదు, డిప్రెషన్ కావచ్చు. డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ స్థితిలో ఉత్సాహం పుస్తకాలు చదివితే 'అందరికీ చేతనైంది నాకే చేతకాలేదు' అనిపించి కీడే ఎక్కువ జరుగుతుంది.

## ఏ కొలతలతో చూడాలి

మొదటి కొలత: ఆధారం ఎక్కడిది? మీ నడవడి నుంచి వచ్చిందా, మీ ఊహ నుంచా, ఇంకొకరి జీవితం నుంచా? మిగతావాటికన్నా ఇది ముఖ్యం. రెండోది ఖర్చు, డబ్బుతో పాటు గంటలు కూడా. మూడోది, ఆ పనిలోని విసుగు భాగం కనిపిస్తుందా? పెళ్లి ఫొటోగ్రఫీ అంటే కెమెరా పట్టుకోవడం కాసేపే. మూడు వేల ఫొటోల్లోంచి మూడు వందలు ఏరడం రోజుల పని. నాలుగోది, తప్పయితే పోయేదెంత?

| మార్గం | ఖర్చు | సమయం | ఆధారం | విసుగు భాగం | ఎవరికి |
|---|---|---|---|---|---|
| ఉత్సాహం పుస్తకం | కొన్ని వందలు | వారం | ఇతరుల విజయాలు | కనపడదు | భయంతో ఆగినవాళ్లకు కొంతవరకు |
| రాతపని పెట్టే పుస్తకం | కొన్ని వందలు, ఒక నోటుబుక్కు | 5 నుంచి 7 వారాలు | మీ రోజులు | కొద్దిగా | చూసింది ఎక్కువున్నవాళ్లకు |
| 'నైపుణ్యం ముందు' అనే పుస్తకం | కొన్ని వందలు | వారం | పరిశీలన, వాదన | కొంత | ఉద్యోగంలో ఉన్నవాళ్లకు |
| ఆసక్తి పరీక్ష | ఉచితం నుంచి వేల దాకా | అరగంట | మీ జవాబులు | కనపడదు | మాటలు దొరకనివాళ్లకు |
| పనిచేసేవాళ్లతో మాట | టీ ఖర్చు | ఒక్కొక్కరితో 20 నిమిషాలు | వాళ్ల రోజులు | బాగా | చూసింది తక్కువున్నవాళ్లకు |
| చిన్న ప్రయోగం | మీరు పెట్టుకున్న హద్దు | 4 వారాలు | మీ చేతులు | పూర్తిగా | అందరికీ, చివర్లో |

## పుస్తకాలు ఒక జాతివి కావు

ఉత్సాహం పుస్తకాలను తేలిగ్గా తీసిపారేయక్కర్లేదు. తెలుగులో ఈ కోవకు పెద్ద పాఠకలోకాన్ని తెచ్చింది యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు'. అవి ధైర్యాన్నిస్తాయి. ధైర్యమే కొరవడినవాళ్లకు అది చాలు. దిక్కు మాత్రం చూపించవు. వాటిలోని ఉదాహరణలన్నీ గెలిచినవాళ్లవి. అదే తపనతో, అదే కష్టంతో దుకాణం తెరిచి ఏడాదిలో మూసుకున్నవాళ్ల గురించి ఒక్క పేజీ ఉండదు. అందుకే చదివిన రాత్రి పొంగు వస్తుంది, సోమవారం పొద్దున బస్సెక్కేసరికి దిగిపోతుంది. అప్పుడు ఇంకో పుస్తకం కొంటారు.

నాలుగు వృత్తాల ఇకిగాయ్ బొమ్మను కూడా ఈ కోవలోనే వేయాలి. ఇష్టం, చేతనైనది, లోకానికి కావాల్సింది, డబ్బు వచ్చేది: నాలుగూ కలిసే చోటే మీ జీవిత పరమార్థం అంటారు. ఆ బొమ్మ జపాన్‌ది కాదు. స్పెయిన్‌కు చెందిన ఆండ్రెస్ జుజునాగా గీసిన బొమ్మ మధ్యలో, 2014లో మార్క్ విన్ అనే బ్లాగరు ఇకిగాయ్ అన్న మాట పెట్టాడు. జపాన్‌లో ఆ మాటకు డబ్బుతో సంబంధం లేదు. పొద్దున్నే లేవాలనిపించే చిన్న కారణం, మొక్కలకు నీళ్లు పోయడమైనా సరే, ఇకిగాయే. నాలుగు వృత్తాలూ కలిసే చోటు దొరక్క నిరాశపడినవాళ్లు ఈ సంగతి తెలిస్తే కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

అసలు డబ్బు పెట్టదగ్గవి రాతపని పెట్టే పుస్తకాలు. రిచర్డ్ బోల్స్ 1970లో సొంతంగా అచ్చువేసుకున్న 'వాట్ కలర్ ఈజ్ యువర్ పారాచూట్?' వీటికి పెద్దన్న. ఏడు రేకుల పువ్వు గీయించి, ఒక్కో రేకులో ఒక్కో విషయం నింపిస్తుంది: ఎలాంటి మనుషులతో, ఎలాంటి చోట, ఏ నైపుణ్యాలతో, ఎంత జీతానికి పనిచేయాలనుంది, ఇలా. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల కోసం రాసింది కాబట్టి పనికి దగ్గరగా ఉంటుంది. అమెరికా ఉద్యోగ సంతకు సంబంధించిన అధ్యాయాలు దాటేయొచ్చు.

స్టాన్‌ఫోర్డ్‌లో పాఠం చెప్పే బిల్ బర్నెట్, డేవ్ ఎవాన్స్ 2016లో తెచ్చిన 'డిజైనింగ్ యువర్ లైఫ్' ఇంకా తేలిక. అందులో రెండు అభ్యాసాలు చాలు. ఒకటి, మూడు వారాల పాటు రోజూ చేసిన పనులు రాసి, ఏ పనిలో మునిగిపోయారు, ఏ పని తర్వాత ఒంట్లో ఓపిక పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని గుర్తుపెట్టడం. రెండు, రాబోయే ఐదేళ్లకు మూడు వేర్వేరు బతుకులు గీయడం: ఇప్పుడున్న దారి సాగితే, ఆ దారి రేపే మూసుకుపోతే, డబ్బూ నలుగురి మాటా అడ్డు కాకపోతే. మూడో బొమ్మ గీసేటప్పుడు చాలామంది సిగ్గుపడి రెండోదాన్నే కాస్త మార్చి రాస్తారు. అలా చేస్తే అభ్యాసం చెడినట్టే. కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఇవి ఎక్కడ చెడతాయంటే, చదవడం పూర్తిచేసి రాతపని 'తర్వాత' అనుకోవడం దగ్గర. 250 పేజీలు వారంలో అయిపోతాయి, అభ్యాసానికి మూడు వారాలు పడుతుంది. కాబట్టి అభ్యాసం ఉన్న అధ్యాయం దగ్గర పుస్తకం మూసి, అది పూర్తయ్యాకే తెరవండి. పూర్తయ్యేదాకా రెండో పుస్తకం కొనకండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత కాపీ కొంటే మొదటి అభ్యాసం దాకా పెన్సిల్ గీతలుండి, ఆ తర్వాత తెల్లకాగితాలే కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

'నైపుణ్యం ముందు' అనే కోవకు కాల్ న్యూపోర్ట్ 2012 పుస్తకం 'సో గుడ్ దే కాంట్ ఇగ్నోర్ యూ' సరైన ఉదాహరణ. తపనను వెతకొద్దంటాడు. అరుదైన నైపుణ్యం కూడబెడితే స్వేచ్ఛ వస్తుంది, దాని వెంట ఇష్టం వస్తుందంటాడు. ఐదారేళ్లుగా ఒకే రంగంలో ఉండి, విసుగు పనిదా లేక తన దశదా అని తేలనివాళ్లకు ఇది మందులా పనిచేస్తుంది. ఇంటర్ పిల్లలకు మాత్రం ఇవ్వకండి. ఏ నైపుణ్యం అన్న ప్రశ్న వాళ్లకింకా తేలలేదు, 'ఏదైనా ఒకటే' అన్న అర్థం తీసుకుని మార్కులొచ్చిన బ్రాంచిలో చేరిపోతారు.

షాపులో పది నిమిషాల్లో పుస్తకాన్ని తూచొచ్చు. విషయసూచిక వదిలేసి మధ్యలో మూడు చోట్ల తెరవండి. మిమ్మల్ని పెన్ను పట్టమనే చోట్లు ఎన్ని? తర్వాత ఉదాహరణల్లో ఓడినవాళ్లు, వెనక్కొచ్చినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? అనువాదమైతే ఒక పేజీ పైకి చదవండి. నోరు తిరగకపోతే ఇంటికెళ్లాక కూడా తిరగదు. ప్యాషన్‌ను ప్రతిచోటా 'అభిరుచి' అని పెట్టేసిన అనువాదం జాగ్రత్త: మనకు ఆ మాట వినగానే తీరిక వేళ వ్యాపకం గుర్తొస్తుంది, పుస్తకమంతా ఆ అర్థంలోనే ఎక్కుతుంది.

## పరీక్షలు, వేలిముద్రలు

జాన్ హాలండ్ 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతం ఆసక్తులను ఆరు రకాలు చేస్తుంది: చేతిపని, పరిశోధన, కళ, మనుషుల సేవ, వ్యాపార నాయకత్వం, లెక్కా పత్రం. అమెరికా కార్మిక శాఖ ఓనెట్ ఆసక్తి పరీక్ష దీనిమీదే నడుస్తుంది. 60 ప్రశ్నలు, ఇంగ్లీషులో, ఉచితం. మీకు ఎక్కువ మార్కులొచ్చిన మూడు రకాలను రాసిపెట్టుకోండి చాలు, కింద వచ్చే ఉద్యోగాల జాబితా అమెరికాది.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే. ప్రశ్న 'ఇష్టమా' అని ఉంటే జవాబు 'వచ్చా' అని చూసుకుని ఇస్తారు. ఉలి ఎప్పుడూ పట్టని పిల్లవాడు చెక్కపనికి 'ఇష్టం లేదు' అని పెడతాడు. మళ్లీ ఖాళీ చేటే.

పిల్లల వేలిముద్రలు తీసి మెదడు తీరు, సరిపోయే వృత్తి చెబుతామంటూ వేలకు వేలు వసూలు చేసే డీఎంఐటీ జోలికి పోకండి. దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. ఆ డబ్బుతో పిల్లవాణ్ని కొండపల్లికి, మంగళగిరి మగ్గాల దగ్గరికి, లాం వ్యవసాయ క్షేత్రానికి తిప్పి రావచ్చు, భోజనాలతో సహా.

## పనిచేసేవాళ్లతో మాట

విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లకూ ఉన్న వరం ఇది. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ పని, బాడీ కట్టడం, లేత్, పెయింటు పక్కపక్కనే. గుంటూరులో మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఆడిటర్లు, లాయర్లు, ల్యాబులు.

వేళ చూసుకుని వెళ్లాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డులో పొద్దునపూట ఎవరికీ తీరదు. ఫొటోగ్రాఫర్లు, కేటరింగ్ వాళ్లు మూఢంలో, ఆషాఢంలో, పుష్యంలో దొరుకుతారు. ఆటోనగర్‌లో అయితే సాయంత్రం టీ వేళ మేలు.

"ఈ ఫీల్డు బాగుంటుందా అన్నా?" అని అడిగితే "ఎందుకులే తమ్ముడూ, బుద్ధిగా చదువుకో" అన్న జవాబే వస్తుంది. ఇలా అడగండి: "నిన్న పొద్దుట్నుంచి ఏమేం చేశారు మేస్త్రీ?" "ఏ నెలల్లో డబ్బు ఆడదు?" "కొత్తగా చేరినవాళ్లు ఎందుకు మానేస్తారు?" మూడో ప్రశ్నకు వచ్చే జవాబు బంగారం. ఒక రంగంలో ముగ్గురిని అడిగితే చాలు. ఒక్కరితో ఆపితే మాత్రం ఆయన చిరాకో, ఆయన అదృష్టమో మీకు అంటుకుంటుంది.

## చిన్న ప్రయోగం

నియమాలు: నెల ఖర్చుల్లో పదోవంతుకు మించి పెట్టకూడదు, ఉన్న ఉద్యోగం లేదా చదువు మానకూడదు, విసుగు భాగం తప్పనిసరిగా ఉండాలి, కనీసం నాలుగుసార్లు చేయాలి.

ఒక్కసారితో ఎందుకు ఆపకూడదో ఒక పరిశోధన చెబుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ దాన్ని 2018లో ప్రచురించారు. విద్యార్థులకు భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ గురించి సరదా వీడియో చూపించి, చాలామందికి ఆసక్తి పుట్టాక, కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) మీద కష్టమైన వ్యాసం ఇచ్చారు. 'ఇష్టం పుట్టుకతో వస్తుంది, దొరికితే అంతా సాఫీగా ఉంటుంది' అని నమ్మినవాళ్లకు ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. ఇష్టం పెంచుకుంటే పెరుగుతుంది అనుకున్నవాళ్లకు అంతగా పడలేదు. కాబట్టి మొదటి కష్టమైన రోజు మీకు ఆ పని పడదనడానికి రుజువు కాదు.

ఉదాహరణకు కర్రీ పాయింట్ పెట్టాలన్న కోరిక. ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ గ్రూపులో ముందురోజే ఆర్డర్లు తీసుకోండి, పది ఇళ్లు దాటకుండా. ఒకటే కూర, వంకాయ అనుకోండి, పావుకిలో పొట్లాలు. అంటే రెండున్నర కిలోల కూర. వంకాయ మగ్గి తగ్గుతుంది కాబట్టి మూడు కిలోలకు పైగానే కాయలు. తెల్లవారుజామున మీరే వెళ్లి తేవాలి, పుచ్చులు మీరే ఏరాలి, గిన్నెలు మీరే తోమాలి. నూనె, గ్యాసు, కవర్లు, మిగిలిపోయింది అన్నీ లెక్కలో రాయండి. బయటి షాపు ధరే తీసుకోండి. ఊరికే పెడితే అందరూ "వదినగారి చేతివంటే వేరు" అంటారు, ఆ మాటకు విలువ లేదు. మీరు గుర్తుచేయకుండా రెండో ఆదివారం ఎన్ని ఇళ్లు అడిగాయో అదే లెక్క. డబ్బు తీసుకుని అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోవాలి.

పాఠం చెప్పడం ఇష్టమనుకుంటే ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి పన్నెండు క్లాసులు, పేపర్లు దిద్దడంతో సహా. ఫొటోగ్రఫీ అయితే ఒక బృందంతో సాయంగా రెండు పెళ్లిళ్లు, ఆ రెండింటి ఫొటోలు ఏరే పని కూడా. లేత్ దగ్గర తొలిరోజే మిషన్ ముట్టుకోనివ్వరు, ముట్టుకోకూడదు కూడా. ఇనుప పొట్టు ఊడ్చడం, వెర్నియర్‌తో కొలతలు తీయడం ఇస్తారు. కొలత తప్పినప్పుడు మీకు చిరాకొచ్చిందా, మళ్లీ కొలవాలనిపించిందా? అది రాసుకోండి.

ప్రతిసారీ మూడు మాటలు రాస్తే చాలు: ఎంతసేపటికి ఫోన్ చూశారు, ఎవరూ చెప్పకుండా ముందుగా ఏదైనా సిద్ధం చేసుకున్నారా, మర్నాడు దాని గురించి ఆలోచించారా.

## ఎవరు ఏది పట్టాలి

ఇంటర్ అయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముందు నిలబడ్డవాళ్లు పుస్తకం పక్కనపెట్టండి. ఉన్న రెండు నెలల్లో ఐదు రంగాల్లో పదిహేనుమందితో మాట్లాడటం, వీలైతే రెండు ప్రయోగాలు. తల్లిదండ్రులు ఫీజుల గురించి తిరిగినంత దీనికీ తిరగాలి.

బ్రాడీపేట రూములో మూడోసారి గ్రూప్స్‌కు చదువుతూ 'నాది ఇదేనా' అనుకునేవాళ్లకు రాతపని పుస్తకం సరిగ్గా నప్పుతుంది. మూడు వారాల పట్టీలో చదువు గంటలూ ఉంటాయి కాబట్టి సబ్జెక్టు ఇష్టమా, ఉద్యోగపు భద్రత ఇష్టమా అన్నది బయటపడుతుంది. రెండోదే అయినా తప్పు లేదు. భద్రత కోరుకోవడం కూడా ఇష్టమే.

ముప్పై ఐదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఫ్లాటు మీద అప్పు ఉన్నవాళ్లు 'నైపుణ్యం ముందు' పుస్తకం చదివి, అదే వారం ఇంట్లో కూర్చుని ఒక కాగితం రాయాలి: నెలకు తప్పని ఖర్చు ఎంత, చేతిలో ఎన్ని నెలలకు సరిపడా ఉంది. ఆరు నెలల కన్నా తక్కువైతే ప్రయోగాలు ఆదివారాలకే. ఈ కాగితం భార్యాభర్తలిద్దరూ కలిసి రాయాలి. ఒకరు రాసి ఇంకొకరికి చూపిస్తే గొడవ ప్యాషన్ మీదికి పోతుంది.

పిల్లలు పైచదువులకెళ్లి ఇల్లు ఖాళీ అయిన గృహిణులకు చేట నిండుగానే ఉంటుంది, వాళ్లే దాన్ని లెక్కలో వేయరు. పెళ్లి పనులు నడపడం, అత్తగారి ఆస్పత్రి, చీటీల లెక్క అన్నీ నైపుణ్యాలే. ఏడు రేకుల పువ్వు వీళ్లకు బాగా పనిచేస్తుంది, కాకపోతే తెలుగులో గీసుకోవాలి. కూతురో కొడుకో ఒక సాయంత్రం కూర్చుని రేకుల పేర్లు తెలుగులో రాసిస్తే పుస్తకం కొనే అవసరం కూడా ఉండదు.

కొనేముందు ఒకసారి గ్రంథాలయం చూడండి. విజయవాడలో టాగూర్ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. గ్రంథాలయం పుస్తకంలో రాయకూడదు కాబట్టి రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి వెంట తీసుకెళ్లండి. మొదటి పేజీలో తేదీ వేసి, నిన్న చేసిన పనులు రాయడంతో మొదలుపెట్టొచ్చు.